మా పెళ్లిపాట మధ్యలో ఎందుకు ఆగుతుంది

నా చిన్నప్పుడు ఏం జరిగిందో నాకంటే మా పెద్ద మామీకే బాగా తెలుసట. మామీ అంటే మా మేనమామ భార్య. ఆ రోజుల్లో ఆమె దోహా మొహం కూడా చూడలేదు. అయినా సరే, మొన్న చలికాలంలో నాలుగు డజన్ల మంది ఆడవాళ్ల మధ్య కూర్చుని మా పాట చరిత్ర చెప్పేసింది. నేను చదువుకున్నదాన్ని, బళ్లో పిల్లలకు సోషల్ చెప్పేదాన్ని. తప్పుడు చరిత్ర చెవిన పడితే నాకు తిన్నది అరగదు. అందుకే ఇది రాస్తున్నాను.

దోహా శివారు ఉమ్ సలాల్‌లో మామీ కొడుకు ఒక అరబ్బు తోటకు మేనేజరు. యజమాని ఆ పూటకు తోటలోని మజ్లిస్, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే హాలు, వాడుకోనిచ్చాడు. మామీ మనవరాలికి పసుపు పెట్టే రోజు అది. భోజనాలయ్యాక ఢోలక్ బయటికి తీశారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మా ముస్లింల ఇళ్లలో పెళ్లంటే ఆడవాళ్లు ఢోలక్ ముందేసుకుని పాడాల్సిందే. ఒకరు వాయిస్తారు, ఎదురుగా కూర్చున్నామె ఢోలక్ చెక్క మీద చెంచాతో తాళం వేస్తుంది. ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ ఉర్దూ, వాకిట్లో తెలుగు. పాటల్లో మాత్రం రెండూ ఒకే కంచంలో తింటాయి.

మా కుటుంబంలో ఒక పాట లేకుండా పెళ్లి జరగదు. అందులో పెళ్లికొడుకు ఒక్కో గల్లీ దాటుకుంటూ వస్తుంటాడు.

చింతచెట్టు గల్లీ దాటి, పెద్దబావి మలుపు దాటి
దూల్హే మియా వస్తున్నడు, దారి ఇడువుండ్రి

ఇలా ఊరంతా తిరిగి చివరికి వాగు దగ్గరికి వస్తాడు. అవతలి ఒడ్డున పెళ్లికూతురు. ఇక కాలు నీళ్లలో పెడతాడనగా, చెంచా ఒక్కటే దెబ్బ. టక్. పాట అక్కడితో సరి. దాటాడో లేదో ఎవరూ చెప్పరు. ఆడపిల్లలందరూ ఘొల్లుమంటారు.

పెళ్లికొడుకు తరఫున హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్ల ఊరుకోలేదు. "గిదేం పాట ఆంటీ, మా భాయిని తీస్కపోయి వాగుల నిలబెట్టిండ్రు?" అంది. అప్పుడు మామీ గొంతు సవరించుకుంది. అది నీళ్లలో మునిగిపోయిన మా ఊరి పాటట. తాతముత్తాతల నాటిదట. అక్కడ పెళ్లికొడుకు రాగానే ఆడపిల్లలు దర్వాజ మూసేవాళ్లట. ఆ టక్ అనేది తలుపు గడియ పడిన చప్పుడట.

"తలుపు కాదు మామీ, అది టేప్‌రికార్డర్ బటన్" అన్నాను.

మామీ నన్ను పైనుంచి కిందికి చూసి, పక్కనున్నవాళ్లతో, "గీ పోరి చిన్నప్పటి సంది గిట్లనే. బిర్యానీ ముందల వెడితే బియ్యంతోని కొట్లాడుతది" అంది. అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది మామీ మీద కాదు, మా అమ్మీ మీద. ఆ పాట కట్టిన మనిషి నా పక్కనే కూర్చుని, ఏమీ వినబడనట్టు, ఖర్జూరాల్లోంచి గింజలు తీసి ఒక్కొక్కటే పళ్లెం అంచున పేర్చుకుంటోంది.

సాక్షి నోరు విప్పకపోతే వాదించేవాళ్లు ఏం చేస్తారు? మొత్తం కథ చెప్పాను. అక్కడ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను పెరిగింది దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో. ఒక పాత అరబ్బు ఇంటిని చెక్క గోడలతో ముక్కలు చేసి అద్దెకిచ్చేవారు. మా ముక్కకీ పక్కముక్కకీ మధ్య వంటింట్లో ప్లైవుడ్ గోడ. గోడ పైన, కప్పు కింద, జానెడు సందు. ఆ సందులోంచి మా పోపు వాసన వాళ్లకీ, వాళ్ల ఎండుచేపల వాసన మాకూ. మా అబ్బా, అంటే నాన్న, ఒక కంపెనీలో ఏసీలు బాగుచేసేవాడు. పొద్దున్నే వ్యానులో డ్యూటీకి వెళితే మళ్లీ దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. బళ్లో ఒంటిపూట, మధ్యాహ్నం నుంచి నేనూ అమ్మీ, ఆ గోడా.

గోడకు అవతల మా పక్కింటి ఖాలా ఉండేది. ఖాలా అంటే పిన్నమ్మ. వరసకు మాకేమీ కాదు. ఆమె కంబోడియా ముస్లిం. అక్కడ జనాన్ని ఊళ్లలోంచి తరిమి, పొలాల్లోకి తోలి, చంపిన కాలంలో ఒంటరిగా బయటపడి మలేషియా చేరింది. అక్కడ ఒక హైదరాబాదీ దర్జీని పెళ్లాడి, ఆయన వెంట దోహా వచ్చింది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, మెడలో ఎప్పుడూ ఒక గళ్ల కండువా. చెమట తుడుచుకోవడానికీ, తలకు చుట్టుకోవడానికీ, వేడి గిన్నె దించడానికీ అదే. మా దక్కనీ, మా తెలుగూ ఒకటే భాష అనుకుని రెండూ కలిపి నేర్చుకుంది. ఆమె భాషలో క్రియలన్నిటికీ ఒకటే తోక. వచ్చె, పోయె, తినె. నేను దిద్దబోతే, "నీకు అర్థం అయ్యె కదా, మరి లొల్లి ఎందుకు?" అనేది. అమ్మీకీ ఆమెకూ మొదట స్నేహం కుదిరింది చింతపండుతో. ఇద్దరికీ పులుపు లేనిదే ముద్ద దిగదు. గోడ సందులోంచి ఇటు నుంచి పచ్చిపులుసు వెళ్లేది, అటు నుంచి చేపల పులుసు వచ్చేది.

ఆమె భర్త, దర్జీ ఖాలూ, మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని, నిద్రపోయి, పొద్దు వాలే వేళ అసర్ నమాజు తర్వాత మళ్లీ దుకాణానికి వెళ్లేవాడు. ఆయన చెప్పుల చప్పుడు గల్లీ మలుపు తిరగగానే ఖాలా బురఖాల్లాంటి అబాయాల బట్టలు ఒళ్లో వేసుకుని, అంచులకు చేతికుట్టు వేస్తూ, టేప్‌రికార్డర్ పెట్టేది. ఆమె దగ్గరున్నది ఒకే ఒక్క క్యాసెట్. శరణార్థుల క్యాంపులో ఎవరి దగ్గరో ఎక్కించుకున్నది. కంబోడియా వాళ్ల పాత పాటలు. ఒక మగ గొంతు, వెన్నలో కత్తి దిగినట్టు మెత్తగా. వెనక గిటారు.

భాష తెలియని పాటని కూడా ఇష్కు పాట అని పోల్చడంలో మా గల్లీ ఆడవాళ్లను మించినవాళ్లు లేరు. పైగా ఖాలా కళ్లు తుడుచుకోవడం ఎవరో చూశారు. ఇంకేం. ఆమెకు వెనకటికి ఎవడో ఉన్నాడనీ, వాడి కోసమే ఆ ఏడుపనీ తేల్చేశారు. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. వెనక మాట్లాడటం నాకు అప్పుడూ చేతకాదు, ఇప్పుడూ చేతకాదు. తిన్నగా వెళ్లి, "ఖాలా, నీకు ఎవడో ఉండెనట గద, నిజమేనా?" అని అడిగేశాను.

ఖాలా నవ్వి నవ్వి సూది పోగొట్టుకుంది. సూది వెతకడం అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, దర్జీలు వాడే సుద్దబిళ్ల తీసి, ఒళ్లో ఉన్న నల్లటి అబాయా బట్ట మీద ఒక గీత గీసింది. అది నది. చాలా పెద్ద నది. ఇటు పక్క వాళ్ల ఊరు. చిన్న చిన్న డబ్బాలు గీసి, ఇది బజారు, ఇది మసీదు, ఇది మా ఇల్లు, ఇది మా ఇంటి ముందు ఐసు ముక్కలమ్మే ముసలాయన, అంది. నది మధ్యలో ఒక కోడిగుడ్డు గీసింది. అది లంక. ఊరికీ లంకకీ మధ్య అడ్డంగా సన్నటి గళ్ల గీత. అది వంతెన, వెదురు వంతెన.

"ఎండలకు నీళ్లు తగ్గె, వంతెన కట్టె. వానలకు నీళ్లు పెరిగె, వంతెన తీసె. ప్రతి ఏడు గంతే. మా అబ్బా కూడా కట్టె."

"ప్రతి ఏడు ఎందుకు? సిమెంటుతోని ఒక్కసారే గట్టిగ కట్టుకోవచ్చుగ" అన్నాను.

"గట్టిగ కట్టె, తర్వాత ఎవరూ రాకపోయె. గిది కట్టనీకి అందరూ వచ్చె."

ఆమె రోజూ పెట్టే పాటలో ఒక పిల్లవాడు ఊరి ఒడ్డున నిలబడి ఉంటాడట. పిల్ల లంకలో ఉంటుంది. నది పెరుగుతోంది. మనుషులు ఆ చివర నుంచి వెదుళ్లు ఊడదీస్తున్నారు. ఈ చివర ఇంకా కొంచెం మిగిలి ఉంది. వాడు బజారు మీదుగా, మసీదు మీదుగా పరిగెత్తుకుంటూ వచ్చాడు. పాట నిండా ఆ దారే. పిల్ల కళ్లు ఎలా ఉంటాయో ఒక్క ముక్కే అట, ఊరు ఎలా ఉంటుందో మిగతా అంతా. ఖాలా టేపులో పాట నడుస్తుండగా వేలితో ఆ సుద్ద గీతల మీద వాడిని నడిపించింది. బజారు, మసీదు, ఐసు ముసలాయన, ఒడ్డు. వాడు వంతెన మీద కాలు పెట్టాడు. ఆమె వేలు వంతెన మొదట్లో ఆగింది. రెండో చేత్తో బటన్ నొక్కింది. టక్.

"దాటిండా?" అన్నాను.

"రేపు" అంది.

దులుపుడు బట్టతో రెండుసార్లు కొట్టేసరికి ఊరు ఎగిరిపోయింది. మర్నాడు మళ్లీ గీసింది, మళ్లీ ఆ చోటే టక్. నేను పోట్లాడాను. రోజూ రేపే అంటావేమని అలిగాను. ఆమె ఓపిగ్గా, "ఖలాస్ అంటే మంచి కాదు బేటీ. రేపు అంటే మంచి" అంది. అరబ్బీలో ఖలాస్ అంటే అయిపోయింది అని. దోహాలో పుట్టిన పిల్లకు ఆ మాట చెప్పాల్సిన పని లేదు. కానీ ఖాలా నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే. అన్నం అయిపోయినా, నూనె అయిపోయినా ఇంకో మాట వెతుక్కునేది. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది ఒకటే. తమ అబాయా మీద ఒకప్పుడు నదీ, వంతెనా, ఐసు ముసలాయనా ఉన్నారని తెలియకుండానే ఈ దోహాలో ఎంతమంది ఆడవాళ్లు ఆ ఊరిని భుజాన వేసుకుని తిరిగారో!

ఇక మా అమ్మీ సంగతి. అమ్మీ పుట్టిన ఊరు నిజామాబాద్ వైపు గోదావరి ఒడ్డున ఉండేది. నది మీద ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్ల కిందికి పోయింది. ఆ ఊళ్లో ఢోలక్ ముందు అమ్మీ కూర్చుంటే పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి గోడలెక్కి వినేవాళ్లట. ఊరు ఖాళీ చేయించి కొత్త కాలనీ ఇచ్చారు. అక్కడ గల్లీలకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. కాలనీలో మొదటి పెళ్లికి అమ్మీని ఢోలక్ ముందు కూర్చోబెట్టారు. నోరు తెరిచింది. పెళ్లికొడుకుని ఏ దారిన తీసుకురావాలో తోచలేదు. మూడో నంబరు గల్లీ దాటి, ఏడో నంబరు మలుపు దాటి అని ఎవరు పాడతారు? లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత పాడలేదు. నేను పుట్టాక నాకు జోల కూడా పాడలేదని మా అబ్బా చెప్పేవాడు. అందుకే నేను ఇంత గయ్యాళినయ్యానని ఆయన సిద్ధాంతం.

ఆ ఎండాకాలంలో ఖాలా టేపు బొంగురుపోవడం మొదలైంది. ఏళ్ల తరబడి అదే పాట, అదే చోట ఆపడం, మళ్లీ వెనక్కి తిప్పడం. దర్జీ ఖాలూ గమనించాడు. ఆమెకు చెప్పకుండా కాపీ చేయించి ఇద్దామని ఒక పూట క్యాసెట్టు జేబులో వేసుకుని బజారుకు వెళ్లాడు. మధ్యాహ్నం దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. క్యాసెట్టుని దుకాణం వ్యాను అద్దం ముందు పెట్టి, నమాజుకు వెళ్లి, తిని, ఒక కునుకు తీసి వచ్చాడు. దోహాలో, జూలైలో. ఇక్కడ ఉన్నవాళ్లెవరైనా ఇంతవరకు చదివి తల పట్టుకుంటారు. వచ్చి చూస్తే క్యాసెట్టు కాల్చిన అప్పడంలా వంకర తిరిగి ఉంది.

ఆయన ఇంట్లోకి పోలేక మా గడప మీద కూర్చున్నాడు. "మంచి చెయ్యబోయిన బేటీ, నేనే చెయ్యబోయిన" అంటాడు, ఇంకో మాట లేదు. అబ్బా డ్యూటీ నుంచి వచ్చి స్క్రూడ్రైవరుతో డబ్బా విప్పాడు. లోపల టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఏసీలనైతే చచ్చినవాటిని కూడా లేపుతాడు కానీ అది ఆయన వల్ల కాలేదు. బజారులో కొత్తది దొరుకుతుందేమోనని ఇద్దరూ తిరిగారు. కంబోడియా పాటలంటే దుకాణాలవాళ్లు మొహాలు చూసుకుని, "మాఫీ, మాఫీ" అన్నారు. అంటే అరబ్బీలో లేదు పొమ్మని.

ఖాలా ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. అసర్ వేళ అయ్యేది, ఖాలూ చెప్పుల చప్పుడు మలుపు తిరిగేది, గోడ అవతల నిశ్శబ్దం. నేను వెళ్లి సుద్దబిళ్ల చేతికిచ్చాను. నది గీసింది. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు. నువ్వే పాడొచ్చుగా ఖాలా అన్నాను. నోరు తెరిచింది, మొదటి ముక్క పాడింది, రెండో ముక్క ఇంకేదో పాటలోకి వెళ్లిపోయింది. ఆమె ఎప్పుడూ పాడలేదు, విన్నదంతే. ఆ గొంతులోంచే ఆమెకు దారి కనిపించేది. "పాడినాయన లేకపోయె. మావాళ్లు లేకపోయె. ఇప్పుడు ఊరు మల్లొక్కసారి పోయె" అంది. చిన్నపిల్లనైనా నాకు తెలిసింది. పోయింది క్యాసెట్టు కాదు. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిస్తే ఆమె చేతికి ఆ నది గీత కూడా రాదు.

గల్లీ ఆడవాళ్లు వరసగా వచ్చి ఓదార్చారు. క్యాసెట్టే కదా అన్నారు. ఒకామె తన దగ్గరున్న ఖవ్వాలీల క్యాసెట్టు తెచ్చిచ్చింది, పాపం. రానిది ఒక్క మా అమ్మీయే. రాతిగుండె అన్నారు ఆమెను. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకు పోవని నిలదీశాను. అమ్మీ పిండి కలుపుతోంది. తల ఎత్తకుండానే, "పోయి ఏం చెప్పాలె? మా ఊరు మునిగినప్పుడు నాకు చెప్పినోళ్లందరు ‘కొత్తిల్లు ఇచ్చిండ్రు గద’ అన్నరు. గసుంటి మాట నా నోట రావద్దు" అంది.

మరి రెండు మూడు రోజులకు అనుకుంటాను. అసర్ అయింది. ఖాలూ దుకాణానికి వెళ్లాడు. అమ్మీ రొట్టెలు చేస్తూ చేస్తూ పొయ్యి కట్టేసింది. ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి బోర్లించి ముందు పెట్టుకుంది. చెంచా తీసుకుంది. గోడ వైపు తిరిగి కూర్చుంది. గొంతులోంచి "ట్రిం టిరిం, ట్రిం టిరిం" అని మొదలుపెట్టింది. గిటారు! నేను ఫక్కున నవ్వాను. నా వైపు ఒక చూపు చూసింది, నవ్వు అక్కడే గడ్డకట్టింది.

తర్వాత పాట అందుకుంది. ఒక్క మాటకు అర్థం తెలియని మనిషి. కానీ అన్నాళ్లుగా ఆ గోడ ఇవతల రొట్టెలు చేసిన మనిషి. ఢోలక్ పాటలు నేర్చుకునేది పుస్తకాల్లోంచి కాదు, పక్కామె గొంతులోంచి. ఆ అలవాటు చెవికి పోతుందా? అతను ఎక్కడ ఊపిరి తీసేవాడో అక్కడే తీసింది. ఎక్కడ టేపు బొంగురుపోయేదో అక్కడ తనూ బొంగురుపోయింది. అమ్మీ గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను. బజారు దాటింది, మసీదు దాటింది, ఒడ్డుకు వచ్చింది. చెంచాతో డబ్బా మీద ఒక్క దెబ్బ.

టక్.

గోడ అవతల చప్పుడు లేదు. చేయకూడని పని చేశామేమోనని అమ్మీ నా మొహం చూసింది. అప్పుడు పై సందులోంచి ఖాలా గొంతు వచ్చింది.

"తప్పు!"

అమ్మీ ఉలిక్కిపడింది. "ఏంది తప్పు?"

"బజారు తర్వాత మాట. గట్ల కాదు. తప్పు పాడె."

"నాకేమెరుక? నీ టేపే గట్ల చెప్పింది."

"టేపు మంచిగ చెప్పె. నీ చెవులు ఖరాబ్!"

"ఓహో! అయితే నువ్వే పాడు, ఇంటా" అంది అమ్మీ, చెంచా పైకెత్తి.

ఖాలా పాడింది. తప్పు పోయిన ఆ ఒక్క మాటను సరిచేయడానికి అందుకుంది. ఆ మాట వెనక రెండోది వచ్చింది, దాని వెనక మూడోది. గొంతు బాగాలేదు, నిజం చెప్పాలి, కాకికి జలుబు చేసినట్టుంది. కానీ దారి తప్పలేదు. ఇటు నుంచి అమ్మీ డబ్బా మీద తాళం, అటు నుంచి ఖాలా పాట, మధ్యలో ప్లైవుడ్. ఒడ్డుకు రాగానే ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఖాలా నాలుకతో, అమ్మీ చెంచాతో. టక్. ఆ తర్వాత అటు నుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. అమ్మీ ఒక రొట్టె మడిచి సందులోంచి అటు పెట్టింది. రొట్టె వెంట ఏ మాటా పంపలేదు.

మర్నాటి నుంచి ఖాలా మా వంటింట్లోనే కుట్టుకునేది. ఊరు మళ్లీ అబాయాల మీద లేచింది. ఒకరోజు ఖాలా సుద్దబిళ్ల తీసి అమ్మీ చేతిలో పెట్టి, ఇప్పుడు నీది గీయమంది. అమ్మీ వద్దంటే వద్దంది. మునిగిన ఊరికి బొమ్మేమిటంది. ఖాలా తనే గీయడం మొదలుపెట్టింది. ఒక నది, దాని పక్కన ఒక చెట్టు. "ఇది నీ ఇల్లు" అని చెట్టు పైన ఒక డబ్బా గీసింది. "చెట్టు మీద ఇల్లుంటదా? మేమేమన్న కోతులమా?" అని అమ్మీ సుద్దబిళ్ల లాక్కుంది. ఇక ఆపడం ఎవరి తరం? చింతచెట్టు గల్లీ, పెద్దబావి, కల్లు దుకాణం, పీర్ల కొట్టం, వాగు. వాగు దగ్గర ఆగి, ఎండలకు నీళ్లు తగ్గితే మా ఊరి గోడలు ఇప్పటికీ పైకి తేలతాయనీ, జనం వెళ్లి తమ తమ గడపలు చూసుకుని వస్తారనీ చెప్పింది.

"మాది కూడా ఎండలకే!" అని ఖాలా అమ్మీ మోచెయ్యి పట్టుకుంది. "వంతెన ఎండలకే వచ్చె!"

ఆ మరుసటి ఏడు మా మామూ పెళ్లికి మేం సెలవు మీద కాలనీకి వెళ్లాం. మామీ ఉందే, మొన్న మజ్లిస్‌లో చరిత్ర చెప్పిన మామీ, పెళ్లికూతురు ఆమే. ఢోలక్ ముందు అమ్మీ వచ్చి కూర్చుంటే ముసలివాళ్లు మాటలు ఆపేశారు. కంబోడియా పాట వరసలో, మునిగిన ఊరి గల్లీల మీదుగా, తమ్ముణ్ణి పెళ్లికొడుకుని చేసి నడిపించుకొచ్చింది. ఒక్కో గల్లీ పేరుకీ ఒక్కో ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాగు దగ్గర టక్. ఎవరూ ఆ వరస ఎక్కడిదని అడగలేదు. పేర్లు తమవైనప్పుడు వరస పరాయిదని ఎవరికనిపిస్తుంది? కాబట్టి మామీ చెప్పింది సగం నిజమే, ఒప్పుకుంటాను. గల్లీలు మా అమ్మీ ఊరివి. నడక ఖాలా ఊరిది.

కానీ ఆ టక్ మాత్రం నాది. నేను పెరిగిన ఇంటిని ఏనాడో పడగొట్టారు. ఆ చోట ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారు. ఎవరైనా నన్ను మీది ఏ ఊరని అడిగితే నేను చూడని నిజామాబాద్ పల్లెటూరు పేరు చెప్పాలి. ఇక్కడ ఎన్నేళ్లున్నా ఇది మా ఊరని కాగితం మీద రాయనివ్వరు, నిజామాబాద్ చుట్టాలేమో ఇప్పటికీ దీన్ని దుబాయ్ అనే పిలుస్తారు. ఆ పాటలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేరు లేదు. ప్లైవుడ్ గోడ లేదు, పాలపొడి డబ్బా లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క దెబ్బ. దాన్ని కూడా తీసుకుపోయి ఎవరి తలుపు గడియకో కట్టేస్తే నేనెందుకు ఊరుకోవాలి?

మజ్లిస్‌లో ఇదంతా చెప్పేసరికి ఆడపిల్లలందరూ నా చుట్టూ చేరారు. పెళ్లికూతురు పసుపు మొహంతోనే వచ్చి కూర్చుంది. మామీ కాసేపు మూతి ముడుచుకుని, "గట్లనా? నాకెవ్వరు చెప్పిండ్రు మరి?" అని, ఆ చెంచాను తిరగేసి మరగేసి చూసింది.

సాయంత్రం మగ్రిబ్ వేళకు అమ్మీని కారులో ఎక్కించుకుని దోహా వైపు బయలుదేరాను. దారిలో కడిగేశాను. అన్నీ తెలిసి కూర్చుని ఖర్జూరాలు తింటావా, ఒక్క మాట అనొచ్చు కదా అన్నాను. అమ్మీ తాపీగా స్కార్ఫు సర్దుకుంది.

"నేను చెప్తే ఏమంటరు? ముసల్ది ఏదో చెప్తున్నదని బిర్యానీలకు పోతరు. మీ మామీ తప్పు చెప్పింది గనుకనే నువ్వు లేస్తివి. మొత్తం చెప్తివి. పోరగాండ్లు ఇన్నరా లేదా?"

"ఇన్నరు" అని ఒప్పుకున్నాను. నాకు అది అరుదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న పాఠం ఇదే కదా. పోయినదాన్ని తెచ్చివ్వలేనప్పుడు, తప్పయినా సరే, పాడాలి. ఎదుటి మనిషికి దాన్ని దిద్దాలనిపిస్తే చాలు, మిగతాది దానంతట అదే లేచి వస్తుంది. బళ్లో నోరు విప్పని పిల్లల ముందు నేను బోర్డు మీద కావాలని తప్పు రాస్తాను. "తప్పు టీచర్!" అని ఒకరు అరిచేదాకా అలాగే నిలబడతాను. అది నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు. ఆ రోజు అమ్మీ బజారు తర్వాతి మాటను తెలియక తప్పు పాడిందో, తెలిసే పాడిందో కూడా నాకు అనుమానమే.

ఖాలా వాళ్లు నేను పదో తరగతిలో ఉండగా మలేషియాకు వెళ్లిపోయారు. టాక్సీ ఎక్కుతుంటే కిటికీ పట్టుకుని అడిగాను, ఇప్పుడన్నా చెప్పు, దాటిండా అని. ఆమె గళ్ల కండువాతో నా మొహం తుడిచి, నాలుకతో టక్ అంది. తర్వాత కొన్నాళ్లు ఫోన్లు, ఆ తర్వాత అవీ లేవు. ఇప్పుడు ఫోనులో వెతికితే కంబోడియా పాత పాటలు కుప్పలుగా దొరుకుతున్నాయి. ఎన్ని విన్నానో. మా అమ్మీ నోట్లో, మా పెళ్లిళ్లలో నలిగి నలిగి వరస ఎంత మారిపోయిందో, ఏదీ అది అనిపించదు, ప్రతిదీ అదేనేమో అనిపిస్తుంది.

కానీ అమ్మీ అన్నాళ్లు గోడ ఇవతల ఉంది. ఖాలా ఎప్పుడో ఒకసారి చేపలు మాడిపోతున్నాయని పొయ్యి దగ్గరికి పరిగెత్తి ఉండదా? బటన్ నొక్కేవాళ్లు లేక పాట చివరిదాకా నడిచి ఉండదా? మాటలు తెలియకపోయినా, పిల్లను చేరుకున్నవాడి గొంతు, చేరుకోనివాడి గొంతు ఒకటిగా ఉంటాయా? మా అమ్మీ చెవికి తెలియకుండా ఉంటుందా? ఆ సాయంత్రం సిగ్నలు దగ్గర కారు ఆపి అమ్మీని ఇదే అడిగాను.

అమ్మీ నా వైపు తిరగలేదు. ఉంగరం ఉన్న వేలితో కిటికీ అద్దం మీద ఒక్కటే కొట్టింది. కిటికీలోకి చూస్తూ నవ్వుకుంటోంది, అద్దంలో కనిపిస్తూనే ఉంది.

ఎవరైనా చెప్పండి, ఇంతకీ ఆ పిల్లవాడు వంతెన దాటాడా లేదా?